గొంతు పట్టేసింది

ఫోను మోగితే మా మేడమ్ ముందు గడియారం చూస్తుంది, తర్వాతే ఎత్తుతుంది. ఇళ్లలో కొట్టుకునే కేసులు, కొట్టించుకునే కేసులు ఇరవై రెండేళ్లుగా చూస్తున్న మనిషి. పొద్దున ఏడింటికి మోగిందంటే ఒక రకం గొడవ, మధ్యాహ్నం మూడింటికి మోగిందంటే ఇంకో రకం అంటుంది. సెలవు మర్నాడు మోగే ఫోన్లంటే మాత్రం ఆవిడకు దడ. ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండే రోజే కొంతమందికి గండం అని ఆవిడ అనుభవం. ఆ దడ ఎందాకా పోయిందంటే, ఇంట్లో కుక్కరు కూత వేసినా గడియారం వైపే చూస్తుందని వాళ్లాయన ఒకసారి నాతో నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు గానీ, వింటున్న నాకు నవ్వు రాలేదు.

ఎదురుగా ఉన్నప్పుడు ‘మీరు’, ‘మేడమ్’ అనే పిలుస్తాను. ఇక్కడ మాత్రం ‘ఆవిడ’ అంటాను. పదకొండేళ్లు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నాక ఆ మాత్రం చనువు ఉండదా? నేను ఆవిడ దగ్గర రైటర్‌ని. స్టేషన్‌లో రైటర్ అంటే కథలల్లే మనిషి కాదు, వచ్చినవాళ్లు చెప్పింది వాంగ్మూలంగా కాగితం మీద పెట్టే మనిషి. నా దస్తూరి బాగుంటుంది. నేను రాసిన వాంగ్మూలంలో తప్పు పట్టిన వకీలు ఇంతవరకు లేడని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ‘ఉండేది’ అని ఎందుకంటున్నానో చెప్పడానికే ఇదంతా.

స్టేషన్ వరండా చివర, పాత ఫైళ్లు పడేసే కొట్టు గది ఈ కేసుల కోసం ఇచ్చారు. ఆవిడ అంతకుముందు ట్రాఫిక్‌లో ఉండేది. పై అధికారితో ఏదో మాటకు మాట అయ్యి, ‘ఆడవాళ్ల ఏడుపులు వింటూ కూర్చో, పొగరు దిగుతుంది’ అని ఇటు పంపారట. ఆవిడ మారు మాట్లాడకుండా వచ్చి, మొదటి వారమంతా గది కడిగించి, సున్నం వేయించి, కుర్చీలు సర్దింది. వచ్చినవాళ్లకు తలుపు కనబడాలి, తలుపుకు వీపు పెట్టి ఎవరూ కూర్చోకూడదు. ఇది మొదటి నియమం. జంటగా వచ్చినా, తల్లీకూతుళ్లుగా వచ్చినా, ఎవరి మాట వారి దగ్గరే విడిగా వినాలి. ఇది రెండోది. తను గదిలో లేకుండా ఎవరి వాంగ్మూలమూ రాయకూడదన్నది మూడోది.

వెనకాల ఆవిడను అందరూ గడియమ్మ అంటారు. పెట్టినవాడు మా జీపు డ్రైవరు. ఏ ఇంటికి వెళ్లినా ఆవిడ ముందు మనుషులను చూడదు, తలుపులు చూస్తుంది. గడియ లోపలుందా, బయటుందా? మనిషికి అందే ఎత్తులో ఉందా? కొత్తదా, పాతదా? ఆ తర్వాత అడిగేది ఒకే ప్రశ్న, ‘ఎప్పుడు?’ అని. గడియ అంటే తలుపుదీ, కాలందీ కూడా కాబట్టి రెండు విధాలా పేరు సరిపోయిందని డ్రైవరు మురిసిపోయాడు. ఆ పేరు ఆవిడ చెవిన పడనే పడింది. ‘పేరు బాగానే ఉంది, బండి మాత్రం సరిగ్గా నడుపు’ అని ఊరుకుంది.

ఇంటి దగ్గర ఆవిడ వేరే మనిషి అని మీరనుకుంటారేమో. కాదు. వాళ్లాయన బడిలో డ్రాయింగ్ మాస్టారు, నోట్లో నాలుక లేని మనిషి. కూతురు కాలేజీలో చదువుతోంది. ఒకసారి ఆ పిల్ల తలుపేసుకుని ఫోనులో స్నేహితురాలితో గట్టిగా పోట్లాడుతుంటే, ఈవిడ తలుపు తోసుకుని లోపలికి వెళ్లి నిలబడిందట. ‘అమ్మా, ఇది మనిల్లు, నీ స్టేషన్ కాదు’ అంది పిల్ల. మర్నాడు ఆ సంగతి నాతో చెబుతూ, ‘నిజమే కదా రైటరమ్మా, నేను ఇంటికి వెళ్తున్నానా, ఇంకో కేసుకి వెళ్తున్నానా నాకే తెలీడం లేదు’ అంది. నేను ఫైలు తిరగేశాను.

ఆ దడకు ఒక కారణం ఉంది. నేను రాకముందు, ‘సర్దుకుంటాం మేడమ్’ అని మొగుడితో పాటు సంతకం పెట్టి వెళ్లిన అమ్మాయి ఒకతె తొమ్మిదో రోజున శవమైంది. ఆవిడ దాని గురించి మాట్లాడదు, నేనూ అడగను. కానీ ‘సర్దుకుపోవాలమ్మా’ అన్న మాట ఆ గదిలో ఎవరి నోట వచ్చినా ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడుతుంది.

ఇక నాకూ ఆవిడకూ ఉన్న పేచీ గురించి చెప్పాలి. వచ్చినవాళ్లు తిన్నగా చెప్పరు. ఏడుపు మధ్యలో, సగం సగం, ముందుది వెనక, వెనకది ముందు చెబుతారు. నేను దాన్ని కడిగి, ఆరబెట్టి, ‘ఫిర్యాది తెలియజేయునది ఏమనగా’ అని చక్కగా రాస్తాను. ఆవిడకు అది పడదు. ‘వాళ్ల మాట వాళ్లదే రాయండి రైటరమ్మా. మీ భాష ఎవరడిగారు?’ అంటుంది. ‘కోర్టులో పరువు పోతుంది మేడమ్’ అంటాను నేను. అందుకని మర్నాడు పొద్దున్నే ముందురోజు వాంగ్మూలాలన్నీ పైకి చదవడం ఆవిడకు అలవాటు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, ‘ఈ మాట ఆవిడ అందా, మీరన్నారా?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న వినబడితే నాకు ఒళ్లు మండేది. పదకొండేళ్లు వాదించుకున్నాం, ఎవరూ తగ్గలేదు.

ఆ మంగళవారం పదిన్నరకు ఒక తల్లీ కూతురూ వచ్చారు. కూతురికి ముప్పై ఐదుంటాయి. మందుల షాపులో పని, శుభ్రమైన బట్టలు, శుభ్రమైన మాట. తల్లికి డెబ్బై దాటాయి. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతికిన మనిషట, వేళ్ల చివర్లు ఇంకా గరుకుగా ఉన్నాయి. ఎండ బాగానే ఉన్నా మెడ చుట్టూ ఉన్ని మఫ్లరు చుట్టుకుని ఉంది. ముందు కూతురు చెప్పింది. మొగుడు మెకానిక్, కోపిష్టి, అరుస్తాడు, వస్తువులు విసురుతాడు, మొన్న అమ్మను తోసేశాడు అంది. వీధిలో అందరికీ వాడి గొంతు వినబడుతుందని, కావాలంటే అడగమని అంది. తేదీలతో సహా చెప్పింది. రాయడానికి అంత హాయిగా ఉన్న వాంగ్మూలం నాకు చాలా రోజులుగా దొరకలేదు.

తర్వాత కూతుర్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి తల్లిని లోపలికి పిలిచాం. ఆవిడ కూర్చుందో లేదో మేడమ్ ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. వేరే కేసులో కాలిన గాయాలతో చేర్పించిన అమ్మాయి మాట్లాడే స్థితికొచ్చిందని, మళ్లీ స్పృహ ఉంటుందో లేదో తెలియదని, వెంటనే రమ్మని. మేడమ్ గడియారం చూసింది, పెద్దావిడను చూసింది, నన్ను చూసింది. ‘మొదలుపెట్టండి, గంటలో వస్తా’ అని వెళ్లిపోయింది. మూడో నియమం అలా పోయింది.

“చెప్పండమ్మా, ఇంట్లో ఏం జరుగుతోంది?” అన్నాను.

పెద్దావిడ తలుపు వైపు చూసింది. తలుపు అవతల కూతురు చెప్పు నేలకేసి కొడుతున్న చప్పుడు వినబడుతోంది.

“ఏం లేదు తల్లీ” అంది. ఆ మాట బొంగురుగా మొదలై, చివరికి గాలి మాత్రమే వచ్చింది.

“గొంతేంటమ్మా అలా ఉంది?”

ఆవిడ నా వైపు చూసింది. మఫ్లరు మీద చెయ్యి వేసుకుంది. “పట్టేసింది” అంది మెల్లగా.

“పట్టేసిందా? ఈ వాతావరణానికి అందరికీ ఇదే గోల. వేడినీళ్లు తాగండి, ఉప్పు వేసి పుక్కిలించండి” అన్నాను.

ఆవిడ నన్ను ఇంకాసేపు అలాగే చూసింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ చూపులో అన్నీ ఉన్నాయి. అప్పుడు మాత్రం పెద్దవాళ్ల మందబుద్ధి అనుకున్నాను. “అలాగేలే తల్లీ” అని తల దించుకుంది.

అల్లుడి గురించి అడిగాను. “అరుస్తాడు” అంది. మిమ్మల్ని తోశాడా అంటే “నన్నేమంటాడు” అంది. అందరూ ఇలాగే వెనకేసుకొస్తారు, మనకు కొత్తా? ‘జలుబు కారణంగా గొంతు పట్టివేసినందున ఫిర్యాది తల్లి క్లుప్తముగా తెలియజేసినది. అల్లునికి భయపడి పూర్తిగా చెప్పుటకు వెనుకాడుచున్నట్లు కనబడినది’ అని రాసి సంతకం పెట్టించుకున్నాను. సంతకం గుండ్రంగా, ఓపిగ్గా పెట్టింది.

మధ్యాహ్నం మేడమ్ ఆసుపత్రి నుంచి వచ్చింది. కాలిన అమ్మాయి నాలుగు మాటలు చెప్పి మళ్లీ స్పృహ తప్పింది. ఆ నాలుగు మాటలూ ఆవిడ ముఖంలో ఉన్నాయి, తినడానికి కూర్చుని డబ్బా మూత కూడా తీయలేదు. అప్పుడే అల్లుణ్ణి తీసుకొచ్చారు. ఎత్తుగా, చేతులకు గ్రీజుతో, నిజంగానే గదంతా అదిరే గొంతు. మీ ఆవిడ ఫిర్యాదు ఇచ్చిందనగానే లేచి నిలబడ్డాడు.

“అదా? ముందుగా అదే వచ్చిందా ఇక్కడికి?”

“కూర్చోండి. విచారణ అయ్యేదాకా మీరు ఆ ఇంటికి వెళ్లకూడదు. రాసివ్వాలి.”

“నేను ఇంట్లో లేకపోతే ఏం జరుగుతుందో తెలుసా మీకు?” అని బల్ల మీద చరిచాడు.

మేడమ్ నా వైపు తిరిగి, “ఇది రాసుకోండి” అంది. రాసుకున్నాను. ఆ ఒక్క మాట మాత్రం ఉన్నదున్నట్టు రాసుకున్నాను. పక్కన ‘బెదిరించుచు’ అన్న మాట కూడా చేర్చాను. వాడు కాసేపు అరిచాడు, చివరికి వర్క్‌షాపులోనే పడుకుంటానని రాసిచ్చి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఏదో అనబోయాడు. “ఇంక వెళ్లండి” అన్నాను నేనే. తల్లీ కూతుళ్లను జీపులో ఇంటి దగ్గర దింపించాం. ప్రమాదం ఇంట్లోంచి బయటికి పోయింది కదా, ఇల్లు రేపు చూద్దాం అంది మేడమ్. ఆ సాయంత్రం ఆవిడ చాలా రోజుల తర్వాత వేళకు ఇంటికి వెళ్లింది.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు ఎప్పటిలాగే కాగితాలు చదవడం మొదలుపెట్టింది. కూతురిది చదివింది, ఆగలేదు. తల్లిది మొదలుపెట్టింది. ‘జలుబు కారణంగా’ దగ్గర ఆగింది.

“ఈ మాట ఆవిడ అందా, మీరన్నారా?”

మొదలైంది రా దేవుడా అనుకున్నాను. “గొంతు పట్టేసిందంది మేడమ్. అంటే జలుబేగా.”

“తుమ్మిందా?”

“లేదు.”

“ముక్కు చీదిందా? దగ్గిందా?”

“లేదు మేడమ్. ఇప్పుడు దీనికి కూడా...”

“సరిగ్గా ఏ మాటంది? మీరేం అడిగారు, ఆవిడేం చెప్పింది? అలాగే చెప్పండి.”

“గొంతేంటమ్మా అలా ఉంది అన్నాను. పట్టేసింది, అంది.”

“గొంతు అన్నది ఎవరు?”

“నేను.”

“ఆవిడ ఒట్టి ‘పట్టేసింది’ అందా?”

“అవును.”

మేడమ్ కాగితం బల్ల మీద పెట్టింది. “ఎవరు పట్టేసింది?” అంది.

ఆ ప్రశ్న నాకు వెంటనే ఎక్కలేదు. కాగితం వైపు మళ్లీ చూశాక ఎక్కింది. మన భాషలో ఆడమనిషికీ, ప్రాణం లేని దానికీ మాట చివర ఒక్కటే. వాన వచ్చింది, అత్త వచ్చింది. జలుబుకు గొంతు పట్టేసింది, కూతురు గొంతు పట్టేసింది. అదే అల్లుడైతే ‘పట్టేశాడు’ అని ఉండేది, చెవిటిదానికైనా తెలిసేది. ఆవిడ ఉన్న నిజమంతా ఒక్క మాటలో పెట్టి, తలుపు అవతలి మనిషికి అర్థం కాకుండా, నాకు మాత్రం అర్థమయ్యేలా చెప్పింది. నేనేమో ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను. పైగా ఆ ఇంట్లో ఆవిడకు అండగా నిలబడుతున్న ఒక్క మనిషినీ బయటికి గెంటేశాం. ‘నేను ఇంట్లో లేకపోతే ఏం జరుగుతుందో తెలుసా’ అన్న మాట ఇప్పుడు నా చెవిలో వేరేగా మోగింది.

“బండి తీయమనండి” అంది మేడమ్, అప్పటికే వరండాలో ఉంది.

దగ్గర్లో గస్తీ తిరిగే కానిస్టేబుళ్లకు ఫోను చేస్తే, వాళ్లు ఊరికి ఆ చివర ఉన్నారు. మాదే దగ్గర, ఇరవై నిమిషాలు. జీపు ఎక్కుతూనే మేడమ్ ఆ కూతురికి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. మూడు సార్లు మోగాక ఎత్తింది.

“అమ్మతో ఒక్క మాట మాట్లాడాలమ్మా” అంది మేడమ్. ఎంత మెత్తని గొంతనీ!

“అమ్మ పడుకుంది మేడమ్.”

“లేపండి.”

“మందు వేసి పడుకోబెట్టాను. ఇప్పుడు లేవదు.”

ఆ ‘లేవదు’ విని డ్రైవరు ముందు లారీకి అతుక్కుపోయేంత దగ్గరగా పోనిచ్చాడు. మేడమ్ వాడి భుజం నొక్కి, అదే మెత్తని గొంతుతో, “సర్లే, పడుకోనివ్వండి. మీ ఆయన మీద కేసు గట్టిగా పెట్టాలంటే నాకు ఇంకొన్ని వివరాలు కావాలి. మీకు తీరికేనా?” అంది. కూతురికి తీరికే. మొగుడి గురించి చెప్పడానికి బోలెడంత ఉంది. పెళ్లైన ఏడాది నుంచి మొదలుపెట్టింది. మేడమ్ ‘ఆహా’, ‘తర్వాత?’, ‘ఏ రోజది?’ అంటూ ఒక్కో ప్రశ్న పేనుతోంది. ఆ ఫోను ఆమె చేతిలో ఉన్నంతసేపు ఆ చెయ్యి ఖాళీగా ఉండదని నాకు కాసేపటికి గానీ వెలగలేదు.

దారంతా పైపుల కోసం తవ్వి పోశారు. ఒకచోట సిమెంటు బండి అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు దిగి చేతులెత్తి దణ్ణం పెట్టి దాన్ని జరిపించాడు. హారను కొట్టొద్దని మేడమ్ సైగ చేసింది, ఫోనులో వినబడుతుందని. నేను వెనక సీట్లో ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. నా దస్తూరి ఎంత బాగుందో! చింపి పారేయాలనిపించింది. ఆ ఇంట్లో ఆ మనిషి ఊపిరి తీసుకుంటోందా లేదా అన్నది తప్ప నాకు వేరే ఆలోచన లేదు. పధ్నాలుగు నిమిషాలు గడిచాక ఫోనులో వెనకాల ఏదో పడ్డ చప్పుడైంది.

“ఏంటమ్మా అది?” అంది మేడమ్.

“ఏం లేదు. అమ్మ లేచినట్టుంది. పెడతాను” అని ఆమె ఫోను పెట్టేసింది.

మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఇంకా రెండు వీధులుంది. జీపు కదలడం లేదు, ముందు బడి వ్యాను పిల్లల్ని దించుతోంది. మేడమ్ తలుపు తీసుకుని దూకి పరిగెత్తింది. యాభై మూడేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులని మెట్లెక్కడానికి కూడా విసుక్కునే మనిషి, ఆ తవ్వి పోసిన మట్టిలో పరిగెత్తింది. నేనూ వెనకే పరిగెత్తాను.

రెండో అంతస్తు. బెల్లు కొడితే కూతురు తలుపు తీసింది. తడి చేతులు, ముఖాన నవ్వు. “ఇక్కడికే వచ్చేశారా మేడమ్? టీ పెట్టనా?” అంది. మేడమ్ ఆమెను దాటుకుని లోపలికి వెళ్లింది. వెనక గది తలుపుకు బయట కొత్త గడియ ఉంది. వేసి ఉంది.

“మతిమరుపు మేడమ్ అమ్మకి. బయటికెళ్లి తప్పిపోతుందని పెట్టాను” అంటోంది వెనకనుంచి. మేడమ్ గడియ తీసింది.

మంచానికీ గోడకూ మధ్య సందులో పెద్దావిడ నేల మీద కూర్చుని ఉంది. పక్కన పడి ఉన్న స్టీలు చెంబులోంచి నీళ్లు కారి చీర తడిసింది. కళ్లు తెరిచే ఉన్నాయి. బతికే ఉంది. నేను గుమ్మం పట్టుకుని ఏడ్చేశాను, సిగ్గు లేకుండా గట్టిగా. మేడమ్ ఏడవలేదు. ఆ సందులోనే పక్కన కూలబడి, మఫ్లరు మెల్లగా విప్పింది. మెడకు రెండు పక్కలా వేళ్ల గుర్తులు, కొన్ని పసుపుపచ్చగా, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నాయి. పెద్దావిడ ఏదో అనబోయింది, ఒట్టి గాలి వచ్చింది.

కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. కాసేపు మొగుణ్ణి తిట్టింది, కాసేపు తల్లిని తిట్టింది, తర్వాత గోడకు ఆనుకుని, “నేనేం కావాలని చెయ్యను, ఒకేమాట పదిసార్లు అడుగుతుంది, నాకు తల తిరిగిపోతుంది” అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు అబద్ధం కాదు, అది నాకు ఇంకా కోపం తెప్పించింది. కానిస్టేబుళ్లు వచ్చేదాకా డ్రైవరును ఆమె దగ్గర ఉంచి, పెద్దావిడను మేమిద్దరమే కిందికి దించాం.

ఆసుపత్రిలో డాక్టరు లోపల కెమెరా గొట్టం పెట్టి చూసి బయటికి వచ్చింది. “గొంతు లోపల వాచిపోయింది. ఇలాంటివి పైకి తెలీవు. బాగానే ఉంది కదా అనుకుంటూ ఉంటే రెండో రోజో మూడో రోజో ఊపిరి ఆగిపోతుంది. ఈ రోజు తీసుకురాకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను” అంది. సాయంత్రానికి వాపు తగ్గితే నాలుగు మాటలు మాట్లాడవచ్చని, ఎక్కువ విసిగించవద్దని చెప్పింది.

మేడమే ఫోను చేసి అల్లుణ్ణి పిలిపించింది. అవే గ్రీజు చేతులతో మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు.

“అత్తయ్య ఉందా?” అన్నాడు. ఎలా ఉంది అని కాదు.

“ఉంది. బతికే ఉంది” అంది మేడమ్.

వాడు గోడ పట్టుకున్నాడు. ఆ తర్వాత, అంత పెద్ద గొంతూ చిన్నదైపోయి, “నిన్న నేను బెదిరించలేదండీ. బతిమాలాను. నాకు అలాగే మాట్లాడ్డం వచ్చు. నేను అడ్డం నిలబడి అరిస్తేనే అది ఆగేది. పోలీసులకు చెబుతానన్నాను మొన్న. నాకంటే ముందు అదే వచ్చింది” అన్నాడు.

“నాకు బెదిరింపులా వినబడింది. తప్పు నాది” అంది మేడమ్. అంతకుమించి ఏమీ చేర్చలేదు. ఆ గదిలోంచి లేచి వెళ్లింది తను, జలుబు రాసింది నేను. నా పేరు మాత్రం ఆవిడ నోట రాలేదు, రాదు కూడా. నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

వాడు తలూపాడు. వెళ్లబోతూ ఆగి, “మా ఆవిడ పొద్దున్నుంచి ఏమైనా తిందాండీ?” అని అడిగాడు. తెలియదన్నాం.

సాయంత్రం అయిదు దాటాక పెద్దావిడ దగ్గరికి పంపారు. మేడమ్ మంచం తల వైపు కూర్చుంది. ఈసారి ఫోను ఆపేసి సంచిలో పడేసింది, గడియారం కూడా చూడలేదు. నేను కాళ్ల వైపు కుర్చీ వేసుకుని కాగితం తీశాను.

“నిన్న రాసింది నువ్వే కదూ?” అంది పెద్దావిడ గుసగుసగా.

“నేనేనమ్మా. తప్పు రాశాను.”

“పోనీలే. నేనూ అలాగే చెప్పాను కదా. సగం నీకు తెలియాలనీ, సగం తెలియకూడదనీ.” ఊపిరి కోసం ఆగింది. “చిన్నప్పుడు కోపం వస్తే బొమ్మలు విరగ్గొట్టేది. ఎవరికీ తెలియకుండా ఊడ్చి పారేసేదాన్ని. అదే అలవాటైపోయింది నాకు.”

“ఇప్పుడు చెబుతారామ్మా?” అంది మేడమ్. “చెప్పకపోయినా మిమ్మల్ని ఆ ఇంటికి పంపను. కానీ మీరు చెబితేనే నేను గట్టిగా నిలబడగలను.”

పెద్దావిడ పైకప్పు వైపు చూసింది. చెప్పకపోతే మెడ మీది గుర్తులు అల్లుడివేనని కూతురి వకీలు వాదిస్తాడు, సాక్ష్యానికి నేను రాసిన జలుబు కాగితమే చూపిస్తాడు. తర్వాత ఆవిడ మెల్లగా ఇటు తిరిగింది.

“రాసుకో తల్లీ. నా కూతురు నా గొంతు పట్టేసింది. ‘నిందితురాలు’ అని మాత్రం రాయకు. కూతురు అని రాయి.”

రాశాను. ఫిర్యాది అని లేదు, తెలియజేయునది ఏమనగా అని లేదు. ఆవిడ నోట వచ్చింది వచ్చినట్టే.

“ఎన్నిసార్లమ్మా?” అని అడిగాను. అడగక తప్పదు.

“ఇంతకుముందు మూడుసార్లు.” కళ్లు మూసుకుంది. “నిన్న మీ దగ్గర్నుంచి ఇంటికెళ్లాక ఒకసారి. వాళ్లకేం చెప్పావని అడిగింది. ఏం చెప్పలేదన్నాను. నమ్మలేదు.”

అది కూడా రాశాను. మేడమ్ చదవమంది. పైకి చదివాను, ‘నిన్న మీ దగ్గర్నుంచి ఇంటికెళ్లాక ఒకసారి’ దగ్గరికి వచ్చేసరికి ఆగి, మళ్లీ మొదలుపెట్టి, పూర్తిచేశాను. ‘మీ దగ్గర్నుంచి’ అన్న మాట ఉంచాలా అని నేను అడగలేదు, తీసేయమని మేడమూ అనలేదు. పెద్దావిడ అంతేనన్నట్టు తలూపి, సంతకానికి పెన్ను ఇమ్మని చెయ్యి చాపింది.